నల్గొండ బావి నీళ్ళు, సిడ్నీ కుళాయి నీళ్ళు – మధ్యలో మన ఎముకలు

నల్గొండ, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చి ఆస్ట్రేలియాలో స్థిరపడిన కుటుంబాల్లో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. "మా ఊళ్ళో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి మనుషులు వంగిపోయారు కదా! ఇక్కడేమో గవర్నమెంటే పనిగట్టుకుని నీళ్ళలో ఫ్లోరైడ్ కలుపుతోంది. పిల్లలకి ఈ నీళ్ళు తాగించొచ్చా?" అని. చాలా సహజమైన ప్రశ్న. పళ్ళు గారపట్టిన మేనమామనో, నడుం వంచలేని పెదనాన్ననో చూస్తూ పెరిగినవాళ్ళకి ఆ భయం ఉండటంలో వింతేమీ లేదు. "ఏం ఫరవాలేదు, తాగండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అది జవాబు కాదు. ఎముక లోపల ఏం జరుగుతుందో కాస్త తెలిస్తే ఈ ప్రశ్నకే కాదు, అమ్మమ్మ తుంటి ఎముక ఎందుకు విరిగిందన్న ప్రశ్నకి కూడా అక్కడే జవాబు దొరుకుతుంది. అందుకని ముందు ఎముక దగ్గర మొదలుపెడదాం.

ఎముక రాయి కాదు

పిల్లలూ, మ్యూజియంలో అస్థిపంజరాన్ని చూస్తే ఎముక అంటే సున్నపురాయి లాంటిదేమో అనిపిస్తుంది. కానీ మన ఒంట్లో ఉన్న ఎముక బతికి ఉన్న పదార్థం. దానికి రక్తం అందుతుంది, ఆక్సిజన్ అందుతుంది, అది ప్రతిరోజూ కొంచెం కూలుతుంది, కొంచెం కడుతుంది. ఇల్లు కట్టేటప్పుడు ఇనుప ఊచలు నిలబెట్టి కాంక్రీటు పోస్తారు కదా, ఎముక కూడా అలాంటిదే. కొల్లాజెన్ అనే ప్రొటీను దారాలు ఊచల్లాంటివి. వాటి మధ్య పేరుకునే కాల్షియం, ఫాస్ఫరస్ స్ఫటికాలు కాంక్రీటు లాంటివి. ఊచలు లేని కాంక్రీటు పెళుసుగా విరుగుతుంది. కాంక్రీటు లేని ఊచలు వంగిపోతాయి. రెండూ సరిపాళ్ళలో ఉంటేనే బలం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నల్గొండ దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ అవసరపడుతుంది.

ఈ కట్టడంలో ముఖ్యంగా మూడు రకాల కణాలు పనిచేస్తాయి. ఆస్టియోక్లాస్టులు పాత ఎముకని తవ్వేవి. ఎముక ఉపరితలానికి జలగలా అతుక్కుని, ఆమ్లాన్ని వదిలి, ఖనిజాన్ని కరిగించి గుంట చేస్తాయి. ఆస్టియోబ్లాస్టులు ఆ గుంటని కొత్త ఎముకతో పూడ్చేవి. పూడుస్తూ పూడుస్తూ కొన్ని ఆస్టియోబ్లాస్టులు తాము కట్టిన గోడలోనే ఉండిపోతాయి. వాటినే ఆస్టియోసైట్లు అంటారు. ఎముకలో ఉండే కణాల్లో నూటికి 90కి పైగా ఇవే. సన్నని చేతులు చాచి ఒకదాన్నొకటి పట్టుకుని, ఎక్కడ బరువు పడుతోంది, ఎక్కడ పగులు వచ్చింది అని కనిపెడుతూ, పై రెండు జట్లకీ కబురు పంపుతూ ఉంటాయి. కాపలాదారులన్నమాట.

తవ్వడానికి రెండు మూడు వారాలు చాలు. అదే గుంట పూడ్చడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. కూల్చడం తేలిక, కట్టడం కష్టం – ఇళ్ళ విషయంలో మనకి తెలిసిందే! పెద్దవాళ్ళలో ఏటా సుమారు పదో వంతు ఎముక ఇలా కొత్తదవుతుంది. తవ్విందీ పూడ్చిందీ సమానంగా ఉన్నంతకాలం చిక్కు లేదు. తూకం కాస్త తవ్వేవైపు మొగ్గితే, ఏళ్ళు గడిచేసరికి ఎముక గుల్లబారుతుంది. దాన్నే ఆస్టియోపోరోసిస్ అంటున్నాం.

వంకాయ ముక్కా, సుబ్బారావుగారూ

ఆ తూకాన్ని మొగ్గేట్టు చేసేవాటిలో ఒకటి ఆక్సిడేటివ్ స్ట్రెస్. ఈ పేరు విటమిన్ బిళ్ళల డబ్బాల మీద చాలామంది చూసే ఉంటారు. విషయం మాత్రం మన వంటింట్లోదే. వంకాయలు కోసి నీళ్ళలో వెయ్యకుండా పళ్ళెంలో వదిలేస్తే కాసేపటికి నల్లబడతాయి. గాలిలోని ఆక్సిజన్ ఆ ముక్కలోని పదార్థాలతో కలవడం వల్ల వచ్చిన నలుపది. ఇనుప మూకుడికి తుప్పు పట్టడమూ ఆ కోవలోదే. రాగి చెంబు నల్లబడితే చింతపండుతో తోముతామే, అదీ అంతే.

మన కణాలు కూడా ఆక్సిజన్‌తోనే బతుకుతాయి. ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అనే చిన్న పొయ్యిలుంటాయి. తిన్న తిండిని అవి ఆక్సిజన్‌తో కాల్చి ఏటీపీ అనే శక్తి నాణేలని తయారుచేస్తాయి. ఈ ఏటీపీని 1929లో కనుక్కున్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. అమెరికాలో హార్వర్డ్‌లో ఫిస్క్ అనే ఆయనతో కలిసి పనిచేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. రక్తంలో ఫాస్ఫరస్‌ని కొలవడానికి 1925లో వారు తయారుచేసిన ఫిస్క్–సుబ్బారావు పద్ధతి తర్వాత దశాబ్దాల తరబడి లాబొరేటరీల్లో వాడారు. ఎముకల మీద పరిశోధన చేసేవారికి ఫాస్ఫరస్ కొలత ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. మన పిల్లలకి ఐన్‌స్టీన్ పేరు తెలిసినంతగా ఈయన పేరు తెలియకపోవడం నాకు కొంచెం బాధగానే ఉంటుంది.

సరే, పొయ్యి అన్నాక నిప్పురవ్వలు ఎగరకుండా ఉంటాయా? మైటోకాండ్రియాలో కాలేటప్పుడు కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి ఆక్సిజన్‌కి అంటుకుంటాయి. అలా పుట్టేదే సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్. అది ఎదురుపడిన కొవ్వునీ, ప్రొటీన్లనీ, చివరికి డీఎన్ఏని కూడా పాడుచెయ్యగలదు. ఒంట్లోనే దీనికి విరుగుడు ఉందని 1969లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో మెకార్డ్, ఫ్రిడోవిచ్ కనుక్కున్నారు. ఆ విరుగుడు పేరు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము. ఇది సూపరాక్సైడ్‌ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. దాన్ని కేటలేజ్, గ్లూటాథయోన్ వంటివి మంచినీళ్ళుగా మార్చేస్తాయి. ఈ డిస్మ్యుటేజ్ పనిచెయ్యాలంటే రాగి, జింకు, మాంగనీసు లాంటి లోహాలు అతి కొద్దిగా కావాలి. రాగి సంగతి మళ్ళీ వస్తుంది.

నిప్పురవ్వలు ఎక్కువై, ఆర్పేవాళ్ళు తక్కువైతే వచ్చే పరిస్థితే ఆక్సిడేటివ్ స్ట్రెస్. జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ సీస్ 1985లో ఈ మాటని స్థిరపరిచారు. అయితే నిప్పురవ్వ ప్రతిదీ శత్రువు కాదు. మన తెల్లరక్తకణాలు బాక్టీరియాని చంపేది వీటితోనే. కణాలు ఒకదానికొకటి కబురు చెప్పుకోవడానికి కూడా వీటిని కొద్దిగా వాడుకుంటాయి. ఉన్నవన్నీ తుడిచిపెట్టేస్తే ఆరోగ్యం వస్తుందనుకోవడం పొరపాటు.

మూడు జట్లకీ ఏమవుతుంది?

తవ్వే ఆస్టియోక్లాస్టులకి ఈ నిప్పురవ్వలు హుషారునిస్తాయి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో మండీ బృందం 1990లోనే ఎలుకల ఎముకల మీద దీన్ని చూపించింది. ఫ్రీ రాడికల్స్ పుట్టించినప్పుడు తవ్వకం ఎక్కువయింది. ఆ తర్వాత తెలిసిందేమిటంటే, లేత కణాలు ఆస్టియోక్లాస్టులుగా ఎదగడానికి వచ్చే 'తవ్వండి' అనే కబురే కొంతవరకు ఈ రాడికల్స్ ద్వారా నడుస్తుందని.

కట్టే ఆస్టియోబ్లాస్టుల సంగతి దీనికి తలకిందులు. ఇక్కడ బీటా–కెటెనిన్ అనే ప్రొటీను ఉంది. దాన్ని మేస్త్రి అనుకోండి. ఈ మేస్త్రి కట్టుబడి పనికి వస్తేనే ఆస్టియోబ్లాస్టులు తయారవుతాయి. కణంలో తుప్పు ఎక్కువైనప్పుడు ఫాక్సో అనే మరో ప్రొటీను అదే మేస్త్రిని మంటలు ఆర్పడానికి లాక్కెళుతుంది. ఇంటికి నిప్పంటుకుంటే ముందు ఆర్పాలి గదా, ఫాక్సో చేసేది తప్పు కాదు. కానీ మంట ఏళ్ళ తరబడి ఆరకపోతే గోడ లేచేదెప్పుడు? అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని మనోలగస్, అల్మెయిడా బృందం 2007లో ఈ లాగులాటని బయటపెట్టింది. ఇది నాకు చాలా నచ్చిన వివరణ. వయసు మీరినవాళ్ళలో ఎముక ఎందుకు తిరిగి కట్టుకోలేకపోతోందో ఇంత తేటగా చెప్పింది మరొకటి లేదు.

ఇక కాపలా ఆస్టియోసైట్లు. ఇవి ఏళ్ళ తరబడి, కొన్ని దశాబ్దాల తరబడి బతికే కణాలు. అంతకాలం బతికేవాటికి తుప్పు దెబ్బ కూడా అంతకాలం పోగుపడుతుంది. అవి చచ్చిపోయిన చోట ఎముక చూడటానికి బాగానే ఉన్నా, పగులు వస్తే కబురు చెప్పే నాథుడుండడు.

మరి ఆడవాళ్ళకే ఎందుకు ఎక్కువ? ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఎముకలో మంటలార్పే గ్లూటాథయోన్ మట్టాన్ని నిలబెడుతుంది. నెలసరి ఆగిపోయినప్పుడు ఆ అండ పోతుంది. లండన్‌లో ఛేంబర్స్ బృందం 2003లో అండాశయాలు తీసేసిన ఎలుకలకి గ్లూటాథయోన్‌ని పెంచే మందిస్తే ఎముక నష్టం ఆగిందని చూపించింది. 50 దాటిన తర్వాత మొదటి కొన్నేళ్ళలో ఆడవాళ్ళ ఎముక చకచకా తరిగిపోవడం వెనక ఈ కథ కొంత ఉంది. సిగరెట్టు పొగ, చాలాకాలంగా అదుపులో లేని షుగరు జబ్బు కూడా ఇదే తుప్పుని పెంచుతాయి. షుగరున్నవాళ్ళకి స్కానులో ఎముక సాంద్రత బాగానే కనబడుతుంది, ఐనా విరగడం ఎక్కువ. మన ఇళ్ళలో షుగరు లేని ఇల్లు ఎన్ని? అందుకే ఈ మాట విడిగా చెబుతున్నాను.

ఇప్పుడు నల్గొండ

1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన షార్ట్, మద్రాసు మెడికల్ కాలేజీ ప్రొఫెసర్ మెక్‌రాబర్ట్, మరి కొందరు కలిసి అప్పటి నెల్లూరు జిల్లాలో ఒక వింత జబ్బు గురించి రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి వైపు పల్లెల్లో నడివయసుకే మనుషుల వెన్నెముక కర్రలా బిగుసుకుపోయేది. అంతకు ముందే రైతులు ఎద్దులు కాళ్ళు కదపలేకపోవడం గమనించారని చెబుతారు. మనిషి కంటే ముందు ఎద్దు చెప్పిందన్నమాట. కారణం బావి నీళ్ళలోని ఫ్లోరైడ్ అని తేలింది. నేల అడుగున ఉన్న గ్రానైటు రాళ్ళ నుంచి అది నీళ్ళలోకి ఊరుతుంది. 1955లో హైదరాబాదు వైద్యుడు ఎ.హెచ్. సిద్దిఖీ నల్గొండ జిల్లాలో ఇదే జబ్బుని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించారు.

ఫ్లోరైడ్ కడుపులోకి వెళితే పెద్దవాళ్ళలో సుమారు సగం మూత్రంలో పోతుంది, మిగతాది చాలావరకు ఎముకలో దాక్కుంటుంది. పిల్లల్లో దాక్కునేది ఇంకా ఎక్కువ. ఎముక స్ఫటికంలో హైడ్రాక్సిల్ అనే అణువుల జంట స్థానంలో తాను చేరి స్ఫటికాన్ని గట్టిపరుస్తుంది. తవ్వే కణాలకి అది తొందరగా కరగదు. మరోపక్క కట్టే కణాలు రెచ్చిపోయి అక్కర్లేని చోటల్లా కడతాయి. స్నాయువులు కూడా ఎముకలా గట్టిపడతాయి. వెన్నుపాము దారి ఇరుకై నరాలు నలుగుతాయి. ఊళ్ళో డాక్టర్లు దీన్ని కనిపెట్టడానికి యంత్రాలేమీ లేకుండా మూడు పరీక్షలు చేస్తారు – వంగి నేలమీద నాణెం తియ్యగలరా, గడ్డం గుండెకి ఆనించగలరా, చేతులు తల వెనక్కి పెట్టగలరా అని.

గట్టిగా ఉన్న ఎముక బలంగా ఉన్నట్టేనా? ఇక్కడే ఊచలూ కాంక్రీటూ గుర్తుతెచ్చుకోండి. అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్ రిగ్స్ బృందం ఆస్టియోపోరోసిస్ ఉన్న 202 మంది స్త్రీల మీద ఒక పరీక్ష చేసి 1990లో ఫలితం ప్రకటించింది. సగం మందికి రోజుకి 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఇచ్చారు. నాలుగేళ్ళలో వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది! కానీ వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. కాంక్రీటు ఎక్కువ పోసిన పెళుసు గోడ అది.

మరి తుప్పు సంగతి? ఎక్కువ ఫ్లోరైడ్ తగిలిన కణాల్లో నిప్పురవ్వలు పెరగడం, డిస్మ్యుటేజ్, గ్లూటాథయోన్ తగ్గడం, కణాలు చనిపోవడం లాబొరేటరీల్లోనూ జంతువుల్లోనూ చాలాసార్లు చూశారు. మనుషుల్లో మాత్రం కథ అంత సూటిగా లేదు. కర్ణాటకలో గుల్బర్గా జిల్లాలోని ఒక తండా పిల్లల రక్తంలో తుప్పు గుర్తులు ఎక్కువగా ఉన్నాయని 2001లో దావణగెరె డాక్టర్లు రాశారు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ – అదే తార్నాకలో ఉండే ఎన్ఐఎన్ – 2003లో ఫ్లోరోసిస్ రోగుల రక్తాన్నీ, ఫ్లోరైడ్ పెట్టిన కుందేళ్ళనీ పరీక్షిస్తే అలాంటి తేడా ఏమీ కనబడలేదు. రక్తంలో కొలిచినది ఎముక లోపలి సంగతిని చెప్పకపోవచ్చు. తినే తిండి కూడా ఊరికీ ఊరికీ వేరు. ఫ్లోరైడ్ చేసే చెడుకి తుప్పే మొత్తం కారణమని ఎవరైనా చెబితే మాత్రం నేను ఒప్పుకోను.

తిండి మాట వచ్చింది కనుక, నాకు అన్నిటికంటే ఆశ్చర్యమనిపించిన సంగతి చెబుతాను. 1973లో ఎన్ఐఎన్‌కి చెందిన డాక్టర్ కృష్ణమాచారి, డాక్టర్ కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో నల్గొండ ప్రాంతపు కుర్రాళ్ళ గురించి రాశారు. వీళ్ళకి మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతూ పాదాలు ఎడంగా ఉండేవి. వెన్నెముక గట్టిపడితే, కాళ్ళ ఎముకలు మాత్రం గుల్లబారాయి. పాత జబ్బులో ఇది లేదు. కొత్తగా ఎందుకొచ్చింది? 1955లో నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగింది, 1967లో కాలవలకి నీళ్ళొదిలారు. నీటి ఊటతో చుట్టుపక్కల భూమిలో నీటిమట్టం పెరిగింది, మట్టి క్షారగుణం మారింది, జొన్న మొక్క మట్టిలోంచి మాలిబ్డినం అనే లోహాన్ని ఎక్కువగా పీల్చుకుంది, ఆ జొన్నలు తిన్నవాళ్ళ ఒంట్లోంచి రాగి మూత్రంలో ఎక్కువగా పోయింది – ఇదీ ఎన్ఐఎన్ శాస్త్రవేత్తలు కట్టిన లెక్క. రాగి లేకపోతే కొల్లాజెన్ దారాలని ఒకదానికొకటి ముడివేసే ఎంజైము పనిచెయ్యదు. సూపరాక్సైడ్‌ని ఆర్పే డిస్మ్యుటేజ్‌కీ రాగే కావాలని ఇందాక చెప్పుకున్నాం. అంటే ఊచలూ బలహీనం, మంటలార్పేవాడూ బలహీనం. పైన ఫ్లోరైడ్. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. పొలం తడిపిన నీరు పిల్లవాడి మోకాలి దాకా ఎలా వెళ్ళిందో చూశారా!

అదే సంస్థ 2002లో చింతపండు మీద కూడా పరీక్ష చేసింది. స్కూలు పిల్లలకి రోజుకి 10 గ్రాముల చింతపండు 18 రోజులపాటు ఇస్తే మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది. చారు మానెయ్యమని చెప్పే డాక్టరుకి ఈ సంగతి చెప్పొచ్చు. అయితే చింతపండు మంచి నీటికి బదులు కాదు. అందుకే నాగపూర్‌లోని 'నీరి' సంస్థ పటిక, సున్నంతో నీళ్ళు శుభ్రంచేసే పద్ధతి కనుక్కుంది. దానికి పేరే నల్గొండ టెక్నిక్. కెన్యా, టాంజానియాల దాకా వెళ్ళింది. ఇప్పుడు మిషన్ భగీరథ కింద ఆ పల్లెలకి కృష్ణా నీళ్ళు పైపుల్లో వస్తున్నాయి. ఎముకలోకి ఎక్కినది మాత్రం అంత తొందరగా దిగదు. బాధితుల తరఫున జీవితమంతా మాట్లాడిన శివన్నగూడెం అంశల స్వామి 2023 జనవరిలో కన్నుమూశారు.

మరి ఇక్కడి కుళాయి?

ఆస్ట్రేలియాలో మొదట 1953లో టాస్మానియాలోని బీకన్స్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో నీళ్ళలో ఫ్లోరైడ్ కలిపారు. సిడ్నీలో 1968లో, మెల్‌బోర్న్‌లో 1977లో, బ్రిస్బేన్‌లో 2008లో మొదలయింది. ఈ దేశంలో పదిమందిలో దాదాపు తొమ్మిది మందికి అలాంటి నీళ్ళే అందుతున్నాయి. పళ్ళు పుచ్చకుండా ఉండటానికి లీటరుకి 0.6 నుంచి 1.1 మిల్లీగ్రాముల వరకు ఉండేట్టు చూస్తారు. 1.5 దాటకూడదని ఇక్కడి నిబంధన. నల్గొండలో కొన్ని బావుల్లో 10 దాటింది.

లెక్క వేసి చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో చెప్పినదాని ప్రకారం రోజుకి 14 మిల్లీగ్రాములు ఒంట్లోకి చేరితే ఎముకలకి హాని ఖాయం, 6 దాటితే అనుమానించాలి. సిడ్నీలో రెండు లీటర్లు తాగితే 2 మిల్లీగ్రాములు. టీ ఆకులో సహజంగా ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి నాలుగు కప్పుల టీ తాగేవాళ్ళకి ఇంకొంచెం కలపండి. అదే ఎర్రటి ఎండలో నాగలి పట్టిన రైతు లీటరుకి 5 మిల్లీగ్రాములున్న నీళ్ళు ఐదు లీటర్లు తాగితే 25. అన్నం, పప్పు ఉడికించిన నీళ్ళు దానికి అదనం. పాలు, పెరుగు చాలని ఇంట్లో కాల్షియం తక్కువైతే హాని మరింత పెరుగుతుంది. రెండూ ఫ్లోరైడే, కానీ రెండూ ఒకటి కాదు. పిల్లలకి కుళాయి నీళ్ళు నిస్సంకోచంగా తాగించండి. చిన్నపిల్లలు టూత్‌పేస్టు మింగకుండా మాత్రం చూసుకోండి.

ఒక్క జాగ్రత్త. పట్నాలకి దూరంగా పొలాల్లో, గనుల దగ్గర పనిచేస్తూ బోరు నీళ్ళు తాగే మనవాళ్ళు కొందరున్నారు. క్వీన్స్‌లాండ్ వాయవ్య ప్రాంతంలో లోతైన బోర్ల నీళ్ళు తాగిన గొర్రెల పళ్ళు ఫ్లోరైడ్‌తో అరిగిపోయాయని 1950ల నాటికే ఇక్కడి పశువైద్యులు గుర్తించారు. అక్కడ ఎద్దులు, ఇక్కడ గొర్రెలు! బోరు నీళ్ళు తాగేవాళ్ళు పరీక్ష చేయించుకోవాలి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టుకునే బొగ్గు ఫిల్టరు జగ్గు కూడా దాన్ని పెద్దగా తియ్యదు. ఆర్ఓ ఫిల్టరు తీస్తుంది. సెలవుల్లో ఊరికి వెళ్ళి నాలుగు వారాలు ఉన్నంత మాత్రాన పిల్లల ఎముకలకి ఏమీ కాదు, ఆ జబ్బుకి ఏళ్ళు పడుతుంది.

అసలు చూసుకోవలసినవి

నా ఉద్దేశంలో ఇక్కడి తెలుగువాళ్ళు కుళాయిని చూసి పడే భయంలో సగం ఎండ గురించి పడితే బాగుండును. మన చర్మం రంగుకి విటమిన్ డి తయారవడానికి ఎక్కువసేపు ఎండ కావాలి. ఇంటి నుంచి కారు, కారు నుంచి ఆఫీసు. మనవళ్ళని చూసుకోవడానికి వచ్చిన అమ్మమ్మ చలికి తలుపు తియ్యదు. మెల్‌బోర్న్, హోబార్ట్‌లలో చలికాలంలో యూవీ సూచిక 3 కంటే తక్కువుంటుంది. అప్పుడు మధ్యాహ్నం చేతులకి ఎండ తగిలేట్టు కాసేపు నడిస్తే మంచిది. ముదురు రంగు చర్మం ఉన్నవాళ్ళకి విటమిన్ డి పరీక్షకి మెడికేర్ డబ్బు చెల్లిస్తుంది, మీ జీపీని అడగండి.

పిల్లలూ, మీ వంతు కూడా ఉంది. అమ్మాయిలకి పన్నెండు పదమూడేళ్ళప్పుడు, అబ్బాయిలకి పద్నాలుగేళ్ళప్పుడు ఎత్తు ఒక్కసారిగా పెరుగుతుంది కదా? ఆ ఒక్క రెండేళ్ళలోనే పెద్దయ్యాక ఉండే ఎముకలో సుమారు నాలుగో వంతు చేరుతుంది. ఇక్కడి లెక్క ప్రకారం 12 నుంచి 18 ఏళ్ళవాళ్ళకి రోజుకి 1300 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, 50 దాటిన ఆడవాళ్ళకీ అంతే. గ్లాసు పాలలో సుమారు 300 ఉంటుంది. వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 350. రాగిజావ వద్దని మూతి ముడిచే ముందు ఈ అంకె చూడండి! ఎగిరే ఆటలు – నెట్‌బాల్, బాస్కెట్‌బాల్, మన తొక్కుడుబిళ్ళ – కాపలా కణాలకి 'ఇక్కడ కట్టండి' అని చెబుతాయి. ఆడేటప్పుడు నిప్పురవ్వలు కాసేపు ఎక్కువగానే లేస్తాయి, దాంతో ఆర్పే ఎంజైములు కూడా పదునెక్కుతాయి.

యాంటీ ఆక్సిడెంట్ బిళ్ళలు కొనాలా అని చాలామంది అడుగుతారు. ఎముకలకి వాటివల్ల మేలని పెద్ద పరీక్షల్లో తేలలేదు. పైగా ఫిన్లాండులో 29 వేల మందికి పైగా సిగరెట్టు తాగే మగవాళ్ళకి బీటా కెరోటిన్ బిళ్ళలు ఇస్తే ఊపిరితిత్తుల కాన్సరు తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. ఎలుకకి పనిచేసినది మనిషికి బిళ్ళలో వస్తుందనుకోకూడదు. ఉసిరికాయ, మునగాకు, గోంగూర తినండి, సిగరెట్టు మానండి, షుగరు అదుపులో పెట్టుకోండి.

చివరగా పెద్దవాళ్ళ సంగతి. న్యూ సౌత్ వేల్స్‌లో డబ్బో అనే ఊరుంది, పిల్లలు జూ చూడటానికి వెళుతుంటారు. అక్కడ 60 దాటిన రెండు వేల మందికి పైగా జనాన్ని సిడ్నీలోని గార్వన్ ఇన్‌స్టిట్యూట్ 1989 నుంచి ఏళ్ళ తరబడి గమనించింది. ఎముక విరిగినవాళ్ళు, అది తుంటి అయినా వెన్నుపూస అయినా, ఆ తర్వాతి కొన్నేళ్ళలో చనిపోయే అవకాశం మిగతావాళ్ళ కంటే ఎక్కువని అక్కడే తేలింది. అందుకని బాత్‌రూములో జారి మణికట్టు విరిగితే కట్టు కట్టించి ఊరుకోకండి. 'ఇంత చిన్న దెబ్బకి ఎందుకు విరిగింది?' అని డాక్టరుని అడగండి. ఎముక సాంద్రత స్కానుకి 70 దాటినవాళ్ళకీ, చిన్న దెబ్బకి ఎముక విరిగినవాళ్ళకీ మెడికేర్ సాయం ఉంటుంది. విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలకి ఆ సదుపాయం ఉండదు కనుక, బయల్దేరే ముందే హైదరాబాదులోనో విజయవాడలోనో ఆ స్కానూ, విటమిన్ డి పరీక్షా చేయించుకుని, రిపోర్టులు ఆవకాయ సీసా ఉన్న పెట్టెలో కాకుండా చేతిసంచీలో పెట్టుకు రమ్మనండి.